అరవై గ్రాముల బంతి

కొత్త టెన్నిస్ బంతి కొనాలంటే మా అమ్రాబాద్ పిల్లలకు పావుగంట పడుతుంది. డబ్బాలోంచి ఒక్కోటి తీసి బొటనవేలితో నొక్కుతారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. లోపల ఏం వినపడాలో నాకు ఈరోజుకీ తెలియదు. చివరికి భుజమెత్తు నుంచి షాపు అరుగు మీద వదిలి చూస్తారు. నడుము దాకా లేచిందంటే బ్యాట్స్‌మన్ "ఇదే కావాలె" అంటాడు, బౌలర్ "ఇది అసలే వద్దు" అంటాడు. టాస్ పడకముందే ఆట అక్కడ మొదలవుతుంది. షాపతను మాత్రం "కొంటరా, ఆడుకుంటరా?" అని కసురుతాడు.

నేను బౌలర్ని కాను, బ్యాట్స్‌మన్ని అంతకన్నా కాను. స్కోరు రాసేవాణ్ణి. ఊళ్లో ఆరేళ్లు, ఆ తర్వాత మస్కట్‌లో స్టోర్‌కీపర్ పని చేస్తూ శుక్రవారం శుక్రవారం పన్నెండేళ్లు. స్కోరు బల్ల ముందు కూర్చున్నవాడికి ఒక సుఖముంది. కొట్టినవాడి కేకలు, ఔటైనవాడి అలక చెవినేసుకోకుండా బంతి ఒక్కదాన్నే చూడొచ్చు. పద్దెనిమిదేళ్లు దాన్నే చూసినవాడిగా చెబుతున్నాను: టెన్నిస్ బాల్ క్రికెట్‌ను డబ్బుల్లేనివాళ్ల కాలక్షేపమనీ, అసలు ఆటకు నకలనీ అనేవాళ్లకు ఆ ఆటా తెలియదు, ఈ ఆటా తెలియదు.

ముందు తూకం చూడండి. తోలు బంతి 156 నుంచి 163 గ్రాముల దాకా ఉంటుంది. టెన్నిస్ బంతి 58 గ్రాములకు అటూఇటూ. మేం లెక్కకు సుళువుగా అరవై అంటాం. లేచి నిలిచే కుట్టు లేదు, మెరుపు లేదు, ప్యాంటుకు రుద్ది లాభం లేదు. ఒంటినిండా నూగు కాబట్టి గాలి దాన్ని దారిలోనే పట్టుకుంటుంది. ఎంత బలంగా వేసినా అవతలి వికెట్ చేరేసరికి ఊపు తగ్గిపోతుంది. పడ్డచోటి నుంచి మాత్రం ఛాతీ దాకా ఎగురుతుంది. తోలు బంతితో అంత గొప్పదనిపించుకున్న గుడ్ లెంగ్త్ ఇక్కడ విస్తట్లో వడ్డించిన బూరె. పట్నంలో లీగులు ఆడొచ్చిన ఒక కుర్రాడు మా మైదానంలో మొదటి ఓవర్‌కే 23 ఇచ్చాడు. పాపం, మంచి బౌలరే. చేతికి వేరే బంతి అలవాటైంది, అంతే.

మరి ఈ బంతితో బౌలర్ బతికేదెట్లా? కాళ్ల దగ్గర బతకాలి. యార్కర్ ఒక్కటే దిక్కు. మా ఊళ్లో ఒకాయన ఉన్నాడు, పేరు రాస్తే కోప్పడతాడు. ఇప్పుడు నలభై దాటి ట్రాక్టర్ నడుపుకుంటున్నాడు. పొద్దున్నే మైదానానికొచ్చి స్టంపుల ముందు తన హవాయి చెప్పొకటి పెట్టి, దానికి గురిచూసి వేసేవాడు. చెప్పు ఎగిరితే ఒకటి లెక్క. పన్నెండు బంతుల్లో తొమ్మిదిసార్లు ఎగరందే ఇంటికి పోయేవాడు కాదు. ఆ చేయి చూడాలి మీరు! చెవి పక్కనుంచి నిటారుగా రాదు. కొడవలి తిప్పినట్టు పక్కనుంచి చుట్టుకొస్తుంది, మోచేయి మాత్రం వంగదు. తేలిక బంతికి ఒంటి బరువు పనికిరాదు, చేతి విసురే కావాలి. పక్కనుంచి వదిలిన బంతి నేలకు దగ్గరగా సాగుతుంది, పడ్డాక లేవడానికి దానికి జాగా దొరకదు. ఒక సంక్రాంతి ఫైనల్లో మన్ననూరు జట్టుకు చివరి ఓవర్లో 5 పరుగులు కావాలి. నా పుస్తకంలో ఆ ఓవర్ ఇట్లా ఉంది: చుక్క, చుక్క, 1, చుక్క, వికెట్, 1. ఆ పేజీ చింపి దాచుకున్నాను. మన్ననూరు వాళ్లు ఇప్పటికీ రెండో బంతి వైడ్ అంటారు. కాదు. నేను చూశాను.

ఈ చేతిని లోకం కూడా చూసింది. శ్రీలంకలో గాల్ దగ్గర రత్గమలో టెన్నిస్ బంతితో పెరిగిన లసిత్ మలింగ 2007 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా మీద వరసగా నాలుగు బంతులకు నాలుగు వికెట్లు తీశాడు. అమ్మ నిద్ర చెడకూడదని, చప్పుడు రాకుండా గోడా నేలా కలిసే మూలకు గురిపెట్టి యార్కర్ నేర్చుకున్నవాడు బుమ్రా. ఇక మన సిరాజ్! ఆటో నడిపిన తండ్రి కొడుకు, హైదరాబాద్ మైదానాల్లో టెన్నిస్ బంతితో పెరిగి ఆలస్యంగా తోలు బంతి పట్టినవాడు. 2023 సెప్టెంబర్ 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు, అందులో నాలుగు ఒకే ఓవర్లో. శ్రీలంక 50కి ఆలౌట్. ఆ రోజు నేను పాత పుస్తకం తీసి టీవీ ముందు కూర్చుని స్కోరు రాశాను. మా ఇంటావిడ నవ్వింది. నవ్వనీ.

వేగం లేనివాళ్లకు వేళ్లున్నాయి. టెన్నిస్ బంతి నొక్కితే లొంగుతుంది, తోలు బంతి లొంగదు. నడిమి వేలు మడిచి బంతి కింద పెట్టి, బొటనవేలితో పిండి వదిలితే, సబ్బు జారినట్టు జారుతూ గిరగిరా తిరుగుతుంది. పడ్డాక ఎటు పోతుందో వేసినవాడికే తెలియాలి. జాక్ ఐవర్సన్ అనే ఆస్ట్రేలియా సైనికుడు న్యూగినీలో టేబుల్ టెన్నిస్ బంతితో ఆడుకుంటూ ఇట్లాంటి పట్టే కనిపెట్టి, 1950-51 యాషెస్ సిరీస్‌లో 21 వికెట్లు తీశాడు. మా దగ్గర కిరాణా కొట్లో కూర్చునే ఒక పిల్లగాడు ఆయన పేరు వినకుండానే అదే పట్టు పట్టాడు. చింతపండు పిసికే చేయి కదా అని ఊరంతా వెక్కిరించేది.

బ్యాటింగ్ సంగతికొస్తే నా పక్షపాతం దాచుకోను. టెన్నిస్ బంతి అనగానే కళ్లు మూసుకుని లేపడమే అనుకునేవాళ్లు ఎక్కువ. లేచే బంతిని చివరిదాకా ఆగి, మణికట్టు తిప్పి, మనిషి లేనిచోటికి పంపడమే అసలు విద్య. ఆ విద్యకు హైదరాబాదే పుట్టిల్లు. ఆడిన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు చేసిన అజహరుద్దీన్, 2001 కోల్‌కతాలో 281 చేసిన లక్ష్మణ్! లెగ్ స్టంప్ బయటి గరుకులో వార్న్ వేసిన బంతిని ఒకసారి కవర్ మీదుగా, మరోసారి మిడ్ వికెట్ మీదుగా పంపాడు లక్ష్మణ్. ఆ ఇన్నింగ్స్ చూడని పిల్లలకు బ్యాట్ ఇవ్వకూడదని నా వాదన. ముంబై వాళ్లు పరుగులు కూడబెడతారు, నిజమే. చూడ్డానికి మాత్రం మనవాళ్లే.

చరిత్ర నేను ఎక్కువ చెప్పలేను. క్రికెట్‌ను మనకు ప్రవాసులే తెచ్చారన్నది మాత్రం నాకు సరదాగా ఉంటుంది. 1792 నాటికే కలకత్తాలో క్లబ్బు పెట్టుకున్న దొరలు ఇల్లు వదిలి వచ్చినవాళ్లే. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో జింఖానా మైదానం చుట్టూ చేరినవాళ్లూ అంతే. అక్కడే 1930-31లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ మొదలైంది. 1934లో వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ అంతటివాడు ఆ కప్పులో ఆడి వెళ్లాడు. తర్వాత వంతు మనది. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఏ ఆనకట్ట కట్టినోళ్లనడిగినా చెబుతారు. తాతలు గడ్డపార పట్టుకుని పోయారు, మనవలు విమానమెక్కారు, సంచిలో రెండు టెన్నిస్ బంతులు వేసుకుని.

మస్కట్‌లో మా మైదానం ఒక వాది. వాది అంటే ఎండిన వాగు. గులకరాళ్లు ఏరి, నడుమ ఇరవై రెండు గజాలు చదును చేసి, పికప్ బండ్లు వరసగా నిలిపితే అదే బౌండరీ. గురువారం రాత్రి డ్యూటీ దిగినవాళ్లు తెల్లారి నాలుగున్నరకే లేచి వచ్చేవాళ్లు, ఎండ ముదరకముందే రెండు మ్యాచ్‌లు అయిపోవాలి కదా. సియాల్‌కోట్ వాళ్లు, కేరళ వాళ్లు, లంక వాళ్లు, మా పాలమూరోళ్లు. పాకిస్తానీలు మాకు నేర్పిన విద్య టేపు. కరెంటు పనికి వాడే టేపును బంతికి చుట్టాలి. మడత పడకుండా, గాలి బుడగ లేకుండా, ప్రతి చుట్టూ కిందటి చుట్టును సగం కప్పేట్టు లాగి చుట్టాలి. ఆఖరున సన్నటి పట్టీ ఒకటి నడుమన వేస్తే అదే కుట్టు. సగం బంతికే చుట్టి సగం నూగు వదిలేస్తే గాలిలో పాములా వంకర తిరుగుతుంది. నాకు తెలిసిన ఒక మెకానిక్ చీకట్లో, మాట్లాడుతూ, చూడకుండా చుట్టేవాడు. బంతి చేతిలోకి తీసుకుంటే ఎక్కడా అంచు తగిలేది కాదు. టేపు ఎక్కడిదంటారా? మా స్టోర్‌దే. లెక్కల్లో "కరెంటు పని" అని రాశాను. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

అక్కడి క్లబ్బుల ఆటను తక్కువగా చూడకండి. ఒమన్ జాతీయ జట్టే ఉద్యోగాలు చేసుకునేవాళ్ల జట్టు. 2016 మార్చి 9న ధర్మశాలలో, టీ20 ప్రపంచకప్‌లో ఐర్లండ్‌ను ఓడించింది. ఆ రోజు మూడు వికెట్లు తీసిన మునిస్ అన్సారీది అచ్చం మా ట్రాక్టరాయన చేయి. పక్కనుంచి చుట్టుకొచ్చే కొడవలి! 2021లో టీ20 ప్రపంచకప్ మస్కట్ దగ్గర అల్ అమెరాత్‌లోనే మొదలైంది. కొన్నేళ్ల ముందుదాకా ఆ దేశంలో సిమెంటు పిచ్‌లే దిక్కు. ఆ జట్టుకు ఆడిన సందీప్ గౌడ్ మన హైదరాబాద్‌లో పుట్టినవాడు. అంతకుముందు 1996 ప్రపంచకప్‌కు వెళ్లిన యూఏఈ జట్టులో కెప్టెన్ జరవానీ తప్ప దాదాపు అందరూ ప్రవాసులే. ఆ కెప్టెన్ హెల్మెట్ లేకుండా అలన్ డొనాల్డ్ ముందుకెళ్లి తలకు దెబ్బ తిని కూడా ఆడాడు. తెలివితక్కువ అంటారా? అనండి. నాకైతే లేచి నిలబడాలనిపించింది.

మొన్న సెలవు మీద ఊరికొచ్చి మా సంక్రాంతి టోర్నమెంటు చూశాను. చూసి కడుపు మండింది.

మొదటి పాపం బ్యాట్‌ది. ఎమ్‌సీసీ నిబంధనల ప్రకారం బ్యాట్ వెడల్పు 108 మిల్లీమీటర్లు, మందం 67, అంచు 40 దాటకూడదు. ఇప్పుడు మా మైదానంలో దిగుతున్నవి వెనక తొలిచి, అంచులు ఉబ్బించిన దుంగలు. తేలిక, వెడల్పు, ఎక్కడ తగిలినా సిక్సరే. 1979లో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్ తెస్తే పెర్త్‌లో ఆట ఆపి మార్పించారు. మా దగ్గర ఎవరు ఆపుతారు? ఆరు ఓవర్లకు వంద దాటుతోంది. యార్కర్ రెండంగుళాలు తప్పినా చింతచెట్టు అవతల పడుతుంటే చెప్పు పెట్టుకుని గురి నేర్చుకునే ఓపిక ఏ పిల్లవాడికుంటుంది? అందుకే రెండో పాపం పుట్టింది, చేయి మడిచి విసరడం. అది బౌలింగ్ కాదు, మామిడికాయలు రాల్చడం. అంపైర్ అడిగితే "అందరూ ఏస్తుండ్రు కదనే" అంటాడు. అందరూ వేస్తున్నందుకే కదా అడిగింది!

బంతులూ అట్లే ఏడ్చాయి. రెండు ఓవర్లకు చీలిపోయే చవక సరుకు డజన్ల కొద్దీ తెచ్చి కుప్ప పోస్తున్నారు. పాతబడి నూగు రాలిన బంతిని ఎట్లా వాడుకోవాలో నేర్చుకునేలోపే కొత్తది చేతికొస్తుంది. 2024లో మొదలైన ఇండియన్ స్ట్రీట్ ప్రీమియర్ లీగ్‌ను టెన్నిస్ బంతికి గౌరవం దక్కిందని ముచ్చటపడి చూశాను. హైదరాబాద్ జట్టుకు రామ్ చరణ్ యజమాని అంటే మా పిల్లలు ఈలలు వేశారు. గ్యాలరీలో పడితే ఆరుకు మించి పరుగులిచ్చే నిబంధన చూశాక ఉత్సాహం చల్లారింది. ఆరు చాలదా? గురికి మాత్రం ఎక్కువ పరుగులు ఎవరిస్తారు?

అన్నిటికన్నా పెద్దది కిరాయి. ప్రైజ్ మనీ లక్షల్లోకి పోగానే జట్ల యజమానులు పుట్టుకొచ్చారు. మ్యాచ్‌కింత అని మాట్లాడుకుని పట్నం నుంచి, మహారాష్ట్ర నుంచి ఆటగాళ్లను దించుతున్నారు. జెర్సీ మీద ఊరి పేరుంటుంది, లోపలి మనిషికి ఆ ఊరు ఎటువైపో తెలియదు. ఒకప్పుడు మా ఎర్రమట్టి మైదానంలో పొడ తూర్పు జాతి ఎద్దుల జత పిచ్ మీదికొస్తే ఆట ఆగేది; నా పుస్తకంలో "ఎద్దుల వల్ల ఆరు నిమిషాలు" అని రాసి ఉంది. వాటిని తోలింది ఆ బ్యాటింగ్ చేస్తున్నవాడే, అవి వాళ్లింటి ఎద్దులే. కమిటీ పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను. జట్టుకు ఎనిమిది మందైనా మండలంవాళ్లు ఉండాలని పెట్టండి. బ్యాట్లకు కొలత చట్రం ఒకటి వడ్రంగితో చేయించండి, డబ్బు నేనిస్తాను. చేయి మడిచినవాణ్ణి పంపించేయండి, మీ బామ్మర్ది అయినా సరే.

ఫైనల్ రోజు పొద్దున డీజే పెట్టెలు దించుతుంటే మైదానం వెనకవైపు నడుస్తున్నాను. గోడ దగ్గర పదిహేను, పదహారేళ్ల పిల్లవాడు ఒక్కడే బంతి వేస్తున్నాడు. స్టంపు లేదు, గోడకు బొగ్గుతో మూడు గీతలు. గీతల ముందు ఒక చెప్పు. నిలబడి లెక్కపెట్టాను. ఆరు బంతులకు ఐదుసార్లు ఎగిరింది. చేయి పక్కనుంచి వస్తోంది, మోచేయి వంగలేదు.

"ఏ ఊరు బిడ్డా?"

"ఈ ఊరే పెదనాయినా."

"ఇయ్యాల ఎన్నో ఓవర్ ఏస్తున్నవ్?"

చెప్పు తెచ్చుకుని మళ్లీ అదే చోట సరిగ్గా పెట్టాడు.

"నేను ఆడుతలేను. పట్నం నుంచి ముగ్గురొచ్చిండ్రు. నీళ్లు అందియ్యమన్నరు."

జేబులో మస్కట్ నుంచి తెచ్చిన టేపు బంతి ఉంది, ఆ మెకానిక్ చుట్టింది. తీసి ఇచ్చాను. వాడు దాన్ని బొటనవేలితో నొక్కాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.