పెరటి గరాజు, పొరుగు ఒడంబడిక

ఉత్తర టెక్సస్‌లో మార్చి మొదలుకొని మే ముగియువరకు వడగండ్ల కాలము. ఉదయమెల్ల నిర్మలముగా నున్న ఆకాశము సాయంకాలమునకు పచ్చని చాయ దాల్చి, చూచుచుండగనే కురిసి, బయట నిలిపిన కార్ల అద్దములు పగులగొట్టి, పైరేకులకు సొట్టలు పెట్టి, కొంతసేపటికి ఏమియు నెరుగనట్లు తేటపడును. డాలస్‌కు ఉత్తరమున ప్లేనో, అలెన్, ఫ్రిస్కో ఊళ్లలో కాపురమున్న తెలుగు గృహస్థుల ఇండ్లలో, కారు కొరకు కట్టిన గరాజులో కారు నిలుచుట అరుదు. బియ్యపు బస్తాలు, రెండవ ఫ్రిజ్, బొమ్మల కొలువు పెట్టెలు, పండుగకుగాని దింపని ఇత్తడి సామాను, పిల్లలు విడిచిన సైకిళ్లు ఆ స్థలమును ఎప్పుడో ఆక్రమించుకొని యుండును. మా యింటను అదియే స్థితి. కావున పెరటిలో, వెనుకసందు వైపు వాకిలి పెట్టి, ఒక కారును ఒక వడ్రంగపు బల్లను పట్టునంత చిన్న గరాజును ఇంటికి విడిగా కట్టించవలెనని నిశ్చయించుకొంటిని. ఆ నిశ్చయమునకును మొదటి మేకుకును నడుమ జరిగిన ఆలోచనను గూర్చి ఈ వారము వ్రాయుచున్నాను.

సంగతి విని, మా వీధి చివర నుండు గుంటూరు కుర్రవాడు, "మన డబ్బుతో కొనుక్కున్న స్థలంలో మనం షెడ్డు వేసుకోవడానికి వీళ్ల పర్మిషన్ ఏంటి బాబాయిగారూ?" అని అడిగెను. న్యాయమైన ప్రశ్న. ఇల్లు కొన్ననాడు మనము సంతకములు చేసిన కాగితముల దొంతరలో డీడ్ రెస్ట్రిక్షన్లను పత్రమొకటి కలదు. ఆ షరతులు మనిషిని విడిచి నేలను అంటిపెట్టుకొని యుండును. ఇల్లు ఎన్ని చేతులు మారినను కొన్నవానికెల్ల సంక్రమించును. వానిని హెచ్‌ఓఏ అను గృహస్వాముల సంఘము పాలించును. దానిపైన నగరపు జోనింగ్ శాసనము, దానికి తోడు భవన నిర్మాణపు కోడు. నగరమిచ్చిన పర్మిట్టు హెచ్‌ఓఏ యెదుట చెల్లదు, హెచ్‌ఓఏ ఆమోదము నగరము యెదుట చెల్లదు. కుర్రవానికి నేను చెప్పినదేమనగా, ఈ మూడు గ్రంథములలోని ప్రతి నిషేధమును ఎవరో ఒకరు ఏదో కారణమున వ్రాసియుందురు. ఆ కారణము ప్రకృతి భయమో, అభిరుచియో, ఒక్కొక్కచోట ద్వేషమో కావచ్చును. అది తెలిసికొనకుండ కాగితముపై గీత గీయుట పనికిరాదు.

ద్వేషమను మాట ఊరక వాడలేదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో కాన్సస్ సిటీయందు జె.సి. నికల్స్ అను వ్యాపారి కంట్రీ క్లబ్ డిస్ట్రిక్ట్ అను విశాలమైన నివాసప్రాంతమును నిర్మించుచు, ఇంటి కనీసపు వెల, వీధికిని ఇంటికిని నడుమ దూరము మొదలైన వానిని పత్రములలోనికి ఎక్కించి, వాని పాలనకు గృహస్వాముల సంఘములను నెలకొల్పెను. తరువాతి వ్యాపారులు అనేకులు అదే త్రోవ నడిచిరి. ఆ పత్రములలోనే, ఆ నేలను నల్లవారికి అమ్మరాదు, వారు అందు నివసింపరాదు అను వాక్యము కూడ ఉండెను. పశ్చిమ తీరమునందలి ఇట్టి పత్రములు ఆసియా వాసులను సైతము వెలివేసినవి. సెయింట్ లూయిస్‌లో షెల్లీ యను నల్లజాతి కుటుంబము కొన్న ఇంటిని గూర్చిన వ్యాజ్యమున 1948లో సుప్రీం కోర్టు ఇట్టి షరతులను న్యాయస్థానములు అమలుజరుపరాదని తీర్పు చెప్పెను; 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టము ఇండ్ల విషయమున ఆ వివక్షనే నిషేధించెను. మనవారు పెద్దసంఖ్యలో ఈ దేశము చేరినది 1965 వలసచట్టమునకు పిమ్మట గనుక, వేరొకరు పోరాడి తెరిపించిన ద్వారముననే మనము తాళపుచెవి పుచ్చుకొని సుఖముగా లోనికి వచ్చితిమి. గరాజు గొడవలో ఈ చరిత్రయేల యని చదువరులు అనుకొనవచ్చును. నిబంధనల పత్రమును వేదవాక్యముగా శిరసావహించువారును, చెత్తకాగితముగా తీసివేయువారును మన సమాజమున సమానముగా ఉన్నారు. దాని పుట్టుక తెలిసినవాడు ఈ రెంటిలో ఏదియు చేయలేడు.

ఇక పెరటిలోనికి వత్తము. మొదట చూడవలసినది సర్వే పటము. మన హద్దుల లోపలనే అందు చుక్కల గీతలు కొన్ని కనబడును; అవి యుటిలిటీ ఈజ్‌మెంట్లు. ఆ పట్టీ మన పేర నున్నను, పన్ను మనమే కట్టుచున్నను, దాని క్రింద తీగలు గొట్టములు వేసికొను హక్కు ఇతరులది. దానిపై కట్టినది ఏనాడైన త్రవ్వకమునకు అడ్డమైనచో తొలగింపక తప్పదు. త్రవ్వుటకు ముందు 811 సంఖ్యకు ఫోను చేయవలెను. గృహస్థునకు ఖర్చు లేదు. వారు వచ్చి పచ్చికపై రంగులు చల్లి, చిన్నజెండాలు గ్రుచ్చి పోవుదురు: ఎరుపు విద్యుత్తు, పసుపు గ్యాసు, నారింజ టెలిఫోను కేబులు తీగలు, నీలము మంచినీరు, ఆకుపచ్చ మురుగు. మా పెరటిలో పసుపుగీత సందు నుండి ఇంటి మీటరుకు ఏటవాలుగా సాగి, నేను మనసులో కట్టుకొన్న గరాజుకు వాయవ్యపు మూలను ఒరసికొని పోయెను. ఎన్నో యేండ్లుగా ఆ గడ్డి మీద తిరుగుచున్నవానికి, పాదముల క్రింద ఇంత సంసారము సాగుచున్నదని కంటికి కనబడుట ఒక విధమైన విద్యాభ్యాసమే. గరాజును తూర్పునకు జరిపితిని.

ఎంత జరుపవచ్చునో చెప్పునది అగ్నిభయము. నగరములు ఆధారముగా గ్రహించు ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారము సాధారణముగా, హద్దుకు 5 అడుగుల లోపున లేచిన గోడ ఒక గంటసేపు మంటను నిలువరించునదై యుండవలెను. 3 అడుగుల లోపున కిటికీ కూడదు. ఇంటికిని గరాజుకును నడుమ 3 అడుగులకంటె తక్కువ ఎడమున్నచో గరాజు గోడకు లోవైపున అర అంగుళపు జిప్సం బోర్డు బిగింపవలెను. పెట్రోలు, రంగుడబ్బాలు, రంపపు పొట్టు ఒకేచోట నుండు కొయ్యకట్టడమును గూర్చి వ్రాసిన మాటలివి; ఇందు ఒక్క అంగుళము కూడ బేరమాడదగినది నాకు కనబడలేదు.

మా నిబంధనలలో రెండు వాక్యములు వేరువేరు పుటలలో, ఒకదానితో ఒకటి సంబంధము లేనట్లు కూర్చున్నవి. పెరటి కట్టడపు ఎత్తు 15 అడుగులు మించరాదనునది ఒకటి. దాని కప్పు వాలు ఇంటికప్పు వాలుతో సరిపోవలెననునది రెండవది. ఈ రెంటిని ఒకచోట చేర్చి చదివినపుడుగాని వాని బలము తెలియదు. మా యింటికప్పు 12 అడుగుల అడ్డమునకు 8 అడుగులు లేచు వాలు గలది. గరాజు వెడల్పు 24 అడుగులని తలచినచో, సగము 12, శిఖరము గోడపైన 8 అడుగులు లేచును. 8 అడుగుల గోడయే పెట్టినను అప్పటికే 16 అయి నిబంధన దాటినది. వెడల్పు 18 చేసినచో సగము 9, శిఖరము 6. గోడతో కలిసి 14. నేలపైకి కనబడు దిమ్మె, కప్పు మందము మిగిలిన అడుగులో ఇముడును. ఆ విధముగా నా గరాజు వెడల్పును ఆ రెండు వాక్యములే నిర్ణయించినవి. చిన్నదియని చింతింపలేదు. పాలో ఆల్టోలో అడిసన్ అవెన్యూ 367 నంబరు ఇంటి పెరటిలో హ్యూలెట్, ప్యాకర్డ్ మిత్రులు 1938లో పని మొదలిడిన గరాజు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గలది. కాలిఫోర్నియా రాష్ట్రము దానిని సిలికాన్ వ్యాలీ జన్మస్థలముగా గుర్తించి ఫలకము నిలిపినది.

వెడల్పు కుదిరిన పిమ్మట వాకిలి. పెద్ద తలుపుమీద మోజు అందరికిని కలదు. ఐనను 18 అడుగుల ముఖమునకు 16 అడుగుల తలుపు పెట్టినచో ఇరువైపుల ఒక్కొక్క అడుగు గోడ మాత్రము మిగులును. పెనుగాలి ప్రక్కనుండి త్రోసినపుడు కట్టడమును ఒరిగిపోకుండ పట్టి యుంచునది ఆ ముఖమున మిగిలిన గోడయే. అది లేని గరాజు మొదట అచ్చటనే వ్రాలును. ప్రత్యేకమైన బలిష్ఠపు చట్రము బిగించి ఆ లోపమును కప్పిపుచ్చు విధానములు లేకపోలేదు. కాని ఒకే కారునకు 9 అడుగుల తలుపు చాలును. నడుమ దానిని పెట్టగా ఇరుప్రక్కల నాలుగున్నర అడుగులు, అనగా 54 అంగుళములు మిగిలెను. పలకలు తొడిగిన గోడముక్కకు కోడు సామాన్యముగా కోరునది 48. కప్పు బరువును ప్రక్కగోడలు మోయునట్లు శిఖరమును ముందునుండి వెనుకకు నడిపించుటచేత తలుపుపై దూలమునకు త్రికోణపు గోడ బరువు తప్ప వేరొకటి లేదు. సుడిగాలులు తిరుగు దేశమున ఈ ఏర్పాటు నాకు మిక్కిలి తృప్తినిచ్చినది.

నేల సంగతి నిజముగా మన సంగతి. డాలస్ పరిసరముల నుండి శాన్ ఆంటోనియో వైపు సాగు నల్లమట్టి మైదానమున ఉన్న ప్రధానమైన మట్టికి హ్యూస్టన్ బ్లాక్ అని పేరు. శాస్త్రజ్ఞుల వర్గీకరణలో అదియు, మన గుంటూరు కర్నూలు సీమల నల్లరేగడియు ఒకే కుదురునకు చెందినవి: వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని కాలు దిగునంత నెఱ్ఱెలు విచ్చును. ఇచ్చటి గృహస్థులు వేసవిలో పూలమొక్కలతో సమానముగా ఇంటి పునాదికి చుట్టును చెమ్మగొట్టము పరచి నీరు పెట్టుదురన్న, వినువారికి వింతగా నుండవచ్చును గాని రేగడి నెరిగినవానికి వింత లేదు. తడి ఆరుట అంతట సమానముగా జరుగకున్న దిమ్మె చీలును. అందుచేత పలుచని కాంక్రీటు పలక ఒకటి పరచి ఊరకుండరాదు; దాని క్రింద అంచుల వెంటను నడుమను లోతైన దూలములు, అందు ఉక్కు. కాంక్రీటు గట్టిపడిన పిమ్మట లోని ఉక్కుతాళ్లను యంత్రముతో బిగించి లాగు పోస్ట్ టెన్షన్ పద్ధతి ఇచ్చట విరివిగా కలదు; అట్టి నేలలో తరువాత ఎన్నడును రంధ్రము వేయరాదు, తాడు తెగినచో ప్రాణాపాయము. బల్లను నేలకు బిగింపవలెనన్న కోరికగల నావంటివారు ముందే ఆ సంగతి కాంట్రాక్టరుతో చెప్పి, మామూలు ఉక్కుకడ్డీల దూలములను వేయించుకొనుట మేలు.

దిమ్మెకు గుర్తులు పెట్టిన ఉదయమున మెక్సికో మేస్త్రీ పని చూచుటకు నేను ప్రక్కనే నిలిచితిని. అతడు మూలలకు వెలుపల మేకులు పాతి, పలకలు కొట్టి, వానికి నూలుత్రాళ్లు బిగించి, ఒక మూల నుండి 3 అడుగులు ఒకవైపు, 4 అడుగులు మరియొకవైపు కొలిచి, ఆ రెండు గుర్తుల నడుమ 5 వచ్చువరకు త్రాటిని వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా జరిపెను. పిమ్మట పెద్దకొలత. మా గరాజు 18 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు. దాని కర్ణము సరిగా 30. ఒక కర్ణము 30 వచ్చినది. రెండవది అంగుళములో పావువంతు ఎక్కువ. అతడేమియు మాటాడక ఈశాన్యపు పలకపై త్రాటిని గోటితో నొక్కి జరిపి, మరల పట్టి చూచి, రెండును సమానమైన పిమ్మటనే తల ఎత్తెను. యజ్ఞవేదికలను త్రాళ్లతో మేకులతో నిలుపు విధిని చెప్పు బోధాయన శుల్బసూత్రములలో ఈ కర్ణపు న్యాయమే ఉన్నది. గరాజు నేల వెనుకనుండి తలుపువైపునకు అడుగుకు అంగుళములో ఎనిమిదవ వంతు చొప్పున వాలవలెను. 24 అడుగులకు 3 అంగుళములు. గోడలు మాత్రము సమతలముపై నిలువవలెను గనుక చుట్టును కాంక్రీటు గట్టు పోయించితిమి.

ఇక నీరు. ఇచ్చటి పెరడులలో ఇంటికిని ఇంటికిని నడుమ కంటికి తెలియని పల్లము ఒకటి నేర్పుగా దిద్దియుండును. వాననీరు దాని వెంట సందులోనికి పోవును. కొత్త కప్పు మీది నీరు ఆ పల్లములో పడినచో పొరుగింటి పెరడు మడుగగును. కాబట్టి హెచ్‌ఓఏకు దరఖాస్తు పంపుటకు ముందే పటము చేతబట్టుకొని పొరుగింటి వృద్ధురాలి తలుపు తట్టితిని. ఆమె ఎత్తును గూర్చి గాని ఇటుకను గూర్చి గాని అడుగలేదు. చూరునీరు ఎటు పోవునో చూపించమని అడిగెను. చూరుకు గొట్టము కట్టి సందువైపు మళ్లించు గీత చూపగా, అందు ఇంకొక దింపుడు గొట్టము కూడ ఉండవలెనని ఆమెయే సూచించెను. ఆ సూచన సరియైనది, అట్లే చేసితిమి.

మిగిలినది ఇటుక. నాలుగు గోడలును ఇంటి ఇటుకతోనే ఉండవలెనని మా పత్రము. 2019 నుండి టెక్సస్ చట్టము, కోడు అంగీకరించిన సామగ్రిని నగరములు నిషేధింపకుండ కట్టడి చేసినది. కాని ఒడంబడికల జోలికి అది పోలేదు గనుక హెచ్‌ఓఏ మాట హెచ్‌ఓఏదే. 2021 చట్టము ప్రకారము పెద్ద సంఘములలో పటముల పరిశీలక సమితి ఒక దరఖాస్తును త్రోసిపుచ్చినచో, కారణములు వ్రాతపూర్వకముగా తెలుపవలెను, గృహస్థుడు బోర్డు యెదుట విచారణ కోరవచ్చును. ఇది మంచి చట్టమని నా దృఢాభిప్రాయము. నేను త్రోసిపుచ్చుటవరకు ఆగక, నాలుగు గోడలకును ఇటుక యేల యని సమితిని ముందే మర్యాదగా అడిగితిని. బరువైన ఇటుక ఈ మట్టిపై దిమ్మెను మరింత కష్టపెట్టునని లెక్క చూపితిని. చర్చలో తేలినదేమనగా, ఆ నిబంధన వ్రాసినవారి తలంపు సందులో నడచువారికి కనబడు ముఖమును గూర్చినది. ముఖమునకు ఇటుక, తక్కిన మూడువైపుల ఇంటిరంగు వేసిన ఫైబర్ సిమెంటు పలకలు అని ఒప్పందమైనది. ఆ కారణమును కూడ నిర్ణయముతో పాటు సమితి పుస్తకమున వ్రాయుడని కోరగా వ్రాసిరి; గుంటూరు కుర్రవాడు తన షెడ్డు దరఖాస్తులో ఆ పుటనే ఉదహరించుచున్నాడు.