హిందీ దూరదర్శన ప్రహసనములలో హాస్యము

హాస్యరసమునకు కారణములైన విభావములను చెప్పుచు భరతుడు వికృతవేషముతో పాటు ధార్ష్ట్యమును, లౌల్యమును, అసత్ప్రలాపమును గూడ పేర్కొనెను. సిగ్గులేనితనము, అత్యాశ, అర్థము లేని మాట. ఈ మూడును ఒక కచేరీలో బల్లల వెనుక కూర్చుండినచో ఎట్లుండునో 2001లో సబ్ టీవీలో ప్రారంభమైన 'ఆఫీస్ ఆఫీస్' అను హిందీ ధారావాహిక చూపినది. దీనికి దర్శకుడు రాజీవ్ మెహ్రా.

అంతకు పూర్వము, 1984లో, దూరదర్శన్ ప్రసారము చేసిన 'యే జో హై జిందగీ' నవ్వించిన తీరు వేరు. దాని తొలి భాగములను వ్రాసినవాడు హిందీ వ్యంగ్యవచనమున ప్రసిద్ధుడైన శరద్ జోషీ. భార్యాభర్తలు, ఇంట చేరిన నిరుద్యోగియైన బావమరిది, సంసారమింతే. ఆ కథలోనికి సతీశ్ షా వారమునకొక క్రొత్త పాత్రయై వచ్చెడివాడు. ఇల్లు మారదు, వచ్చువాడు మారును. 'ఆఫీస్ ఆఫీస్' ఈ యేర్పాటును తలక్రిందులు చేసినది. వచ్చువాడెప్పుడును ముసద్దీలాలే. అతడు పోవు కార్యాలయము మారుచుండును గాని అందలి అయిదుగురు ఉద్యోగులు మారరు. ఒక శాఖలో విసిగి వేరొక శాఖకు పోయిన పౌరునికి అవే ముఖములు ఎదురగును. ఇది యెట్లు సంభవమని ప్రేక్షకుడు అడుగడు. అడుగకపోవుటలోనే వ్యంగ్యమంతయు నున్నది.

భాటియాకు సమోసా, శుక్లాకు కిళ్లీ. ఇవి చేష్టలు, చూచినంతనే నవ్వు పుట్టును, అంతతో సరి. వాక్కునందలి హాస్యము ఇంతకంటె లోతైనది. పటేల్ చెప్పవలసినవి రెండు మాటలున్నవని లెక్క పెట్టి మొదలిడును. వినువాని ఆశ ఆ లెక్కలోనే కరగిపోవును. ఉష ప్రతిదానికి 'వహీ తో' అనును. దీనిని 'అదే కదా' అని తెనిగించినచో మాటకు మాట సరిపోవును గాని పని జరుగదు. ఆ రెండు ముక్కలతో ఆమె ఎదుటివాని కష్టమును ఒప్పుకొనును, జాలి చూపును, కాగితమును మాత్రము ముట్టదు. ఒప్పుకోలే నిరాకరణమైన మాట అది. తెలుగు కచేరీలలో వినవచ్చు 'చూద్దాం లెండి' దీనికి దగ్గర చుట్టము.

లంచగొండులను ఇంత ముద్దుగా చూపుట తగునా యను ఆక్షేపణకు ఇచ్చట అవకాశము కలదు. అది త్రోసివేయదగినది కాదు. భాటియా ఆకలిని చూచి కోపించుట కష్టమే. ఈ దోషమును చాలవరకు కాచినది పంకజ్ కపూర్ నటన. అతని ముసద్దీలాల్ నవ్వింపవలెనని యత్నింపడు. తప్పు తనదే యన్నట్లు మెత్తగా మాటలాడును. ఉద్యోగులను చూచి నవ్వుచున్న ప్రేక్షకునికి అతని ముఖము కనబడగానే నవ్వు కొంచెము జంకును.

2011లో వచ్చిన 'చలా ముసద్దీ ఆఫీస్ ఆఫీస్' అను చలనచిత్రము అరగంటకు సరిపోవు పరిహాసమును సాగదీసి పలుచన చేసినది. అయినను దాని మూలకల్పన గట్టిది. బ్రతికియున్న పింఛనుదారుడు తాను చావలేదని రుజువు చేసికొనవలెను. మనిషి యెదుట నిలిచి మాటలాడుచుండును, కాగితము అతడు లేడనుచుండును, ఉద్యోగులు కాగితమునే నమ్ముదురు. ఏటేట నవంబరులో జీవన ప్రమాణపత్రమును సమర్పించు వృద్ధుడు ఇంటనున్నచో, ఈ ఘట్టమున ఆ యింటివారు నవ్వుటకు ముందు ఒకసారి అతని వంక చూతురు.