మాట లేని సంగీతము

మలక్‌పేటవారికి మూసారాంబాగు పేరు క్రొత్తది కాదు. ఆ పేరులో మూసాయు, రాముడును వినబడుచున్నారు గాని, నిజమునకు ఇద్దరును లేరు. నిజాం అలీఖాను కొలువున సేనానియై 1798లో మరణించిన ఫ్రెంచివాడు మొస్యే రేమండ్ పేరే జనుల నోట నాని యట్లయినదని చెప్పుదురు. పరాయి పేరును ఇంత చక్కగా తనదిగా జేసికొన్న యీ పేటలో, ఇటీవల ఒక మిత్రుని యింట మేము కొన్ని పరాయి ధ్వనులను వింటిమి. అవి ఇరువదవ శతాబ్దపు అమెరికా స్వరకర్తలు చలనచిత్రములకును, నృత్యనాటకములకును గూర్చిన సంగీతమును పెద్ద వాద్యబృందములు వాయించిన రికార్డులు. మొదటి రికార్డు సగమైనంతనే ఆ యింటి పెద్దమ్మగారు, “ఇంతకు పాట యెప్పుడు మొదలగును?” అని యడిగిరి. కొందరు నవ్విరి. మాకు మాత్రము అది నవ్వదగిన ప్రశ్నగా దోపలేదు.

1954లో ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ అను చిత్రమునకు లియోనార్డ్ బెర్న్‌స్టీన్ సంగీతము గూర్చెను. అది ఓడరేవు కూలీల కథ. తన స్వరములు నటుల సంభాషణలక్రింద అణగిపోవుట ఆయనకు బాధ కలిగించెను. అంతట 1955లో వానినే ఒక మాలికగా గ్రుచ్చి కచేరిలో వినిపించెను. 1960లో న్యూయార్కు ఫిల్హార్మోనిక్ బృందమును తానే నడపి రికార్డు చేసెను. ఒకే యొక హార్న్ ఒంటరిగా ఎత్తుకొను ఆరంభము, దాని వెనువెంట మృదంగజాతి వాద్యములు రేపు కలకలము, ఇవి బొమ్మ లేకున్నను మనస్సును పట్టి నిలుపును. చిత్రమునకు సేవకురాలై వచ్చిన సంగీతము తన కాళ్లపై నిలువగలదని ఈ రికార్డు ఋజువు చేయుచున్నది.

అయినను ప్రతి రికార్డును మేము తలకెత్తుకొనము. ఆరన్ కోప్లండ్ ‘అపలేచియన్ స్ప్రింగ్’ను నర్తకి మార్తా గ్రాహము కొరకు వ్రాసెను. 1944లో వాషింగ్టనులో దానిని తొలుత ప్రదర్శించిన వేదిక చిన్నది; కావున పదమూడు వాద్యములకే వ్రాసెను. తరువాత పెద్ద బృందమునకు విస్తరించెను. లోకమున ప్రసిద్ధికెక్కినది ఈ రెండవ రూపమే. ఇందు షేకర్లను మతసమాజమువారి సాదా పాట యొకటి గలదు. అది 1848 నాటిది; ఆడంబరము వలదని చెప్పు పాట. పెద్ద బృందపు రికార్డులలో అది చివరకు బాకాలతో, భేరులతో ఊరేగును. పేదింటి పడుచుకు జమీందారిణి నగలన్నియు నొక్కసారి తొడిగినట్లు తోచును. పిమ్మట కోప్లండ్ స్వయముగా పదమూడు వాద్యములతో నడపిన రికార్డును విన్నచో ఆ పడుచు సొంత ముఖము కానవచ్చును. మా యోటు దానికే.

ఇక మన సంగతి. మన బతుకమ్మ పాటల వరుసలును అంత సాదావే, అంత చక్కనివే. వానిని నిలిపినది మాట. మన చిత్రముల పాటలు కూడ మాటను పట్టుకొనియే గ్రామఫోను రికార్డులెక్కి యింటింటికి చేరినవి. సన్నివేశముల వెనుక మ్రోగిన వాద్యసంగీతము మాత్రము పెక్కుపాళ్లు ఆయా చిత్రములలోనే ఉండిపోయినది. అది తక్కువ రకమగుటచే గాదు. మాట లేనిదానిని దాచుకొనవలెనని మనకు తోచకపోవుటచేత. 2019 అక్టోబరులో లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ‘బాహుబలి’ మొదటి భాగమును ప్రదర్శించుచు, కీరవాణిగారి సంగీతమును రాయల్ ఫిల్హార్మోనిక్ కన్సర్ట్ ఆర్కెస్ట్రా ప్రత్యక్షముగా వాయించెను. ఇది మనకు గర్వకారణమే. కాని తెలుగు చిత్రపు వాద్యసంగీతమునకు అట్టి మర్యాద సప్తసముద్రముల కావల దొరకుట మనలను కొంత ఆలోచింపజేయవలదా?

పెద్ద వాద్యబృందము మనది కాదు గదా యని కొందరనవచ్చును. ఫిడేలు మాత్రము మనదా? బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమున ప్రవేశపెట్టగా, ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఒంటి ఫిడేలుతోనే నిండుసభలను కూర్చుండబెట్టిరి. నిజమే, అచట శ్రోత కృతిలోని సాహిత్యమును లోలోపల నందించుకొనుచుండెను. ఆ యూతకోల కూడ లేక నడచుట మన చెవి ఇంకను నేర్వవలసియున్నది.

కావున గృహస్థులకు మా మనవి యొక్కటే. నెలకొక సాయంకాలము పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని, బొమ్మ లేకుండ, మాట లేకుండ, ఏదేని యొక వాద్యసంగీతమును చివరివరకు వినుడు. అది అమెరికాదైన నేమి, మన చిత్రములోనిదైన నేమి? వినగోరువారు పెరిగినచో భద్రపరచువారును, మరల వాయించువారును పుట్టుదురు. వినువారే లేనిచో పుట్టరు. ఆనాడు పెద్దమ్మగారు చివరివరకు కూర్చుండిరి. పదమూడు వాద్యముల రికార్డు ముగియగానే, “ఆ చివరిది మరల పెట్టుడు” అనిరి. ఆమె ప్రశ్నకు అంతకంటె మంచి యుత్తరమును మేము చెప్పజాలము.