పీపా నిద్ర

అల్లుడి పక్కన కూర్చుని గ్లాసు పట్టుకోవడం మా ఇళ్లలో ఉన్న అలవాటు కాదు. అందుకే, "మామయ్యా, సాయంత్రం మిమ్మల్ని ఒక పాత పబ్బుకి తీసుకెళ్తాను" అని అతను అన్నప్పుడు మా అమ్మాయి ముఖం వంక చూశాను. "వెళ్లి రండి నాన్నా, అది చూడాల్సిన చోటే" అంది.

లండన్‌లో బ్లూమ్స్‌బరీ అనే పేట. అందులో ల్యాంబ్స్ కాండ్యూట్ స్ట్రీట్. 1577లో విలియం ల్యాంబ్ అనే ఆయన ఈ చుట్టుపక్కల జనానికి మంచినీళ్ల కాలువ బాగు చేయించాడు. వీధికీ, వీధిలో ఉన్న 'ది ల్యాంబ్' అనే పబ్బుకీ ఆయన పేరే. పబ్బు పద్దెనిమిదో శతాబ్దానిది, లోపలి హంగంతా విక్టోరియా రాణి కాలానిది. 1837 నుంచి 1839 దాకా చార్లెస్ డికెన్స్ కాపురమున్న ఇల్లు దగ్గర్లోనే, డౌటీ స్ట్రీట్‌లో ఉంది.

గదిలోకి చొచ్చుకొచ్చిన కౌంటరు మీద, సరిగ్గా మనిషి ముఖమంత ఎత్తున, వరసగా చిన్న చిన్న అద్దాల తలుపులున్నాయి. అద్దం మీద తెల్లగా పూలతీగలు చెక్కారు. వేలితో తోస్తే ఒక్కో తలుపూ తిరుగుతుంది. వీటిని స్నాబ్ స్క్రీన్లంటారు. ఆ రోజుల్లో దొరల్లాంటివాళ్లు తాము తాగుతున్నట్టు పనివాళ్ల కంట పడకూడదనుకుని ఈ అద్దం మూసుకుని, కింది సందులోంచి గ్లాసు అందుకునేవాళ్లట. చాలా పబ్బుల్లో ఎప్పుడో ఊడబీకేశారు, ఇక్కడ మిగిలాయి. పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. కానీ ఆ సందులోకి చూస్తుంటే మా ఊరి టీ హోటల్లో చూరు కింద విడిగా బోర్లించి పెట్టిన గ్లాసులే కళ్ల ముందుకొచ్చాయి. ఎవరి గ్లాసు ఎవరిదో ఊరందరికీ తెలిసిన ఆ రోజులు నాకు ఎనిమిదేళ్ల వయసువి. ఎంత అందమైన అద్దమైనా మనిషికీ మనిషికీ మధ్య పెట్టింది అడ్డమే. ఆ సాయంత్రం తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.

"ఏం తీసుకుంటారు మామయ్యా?"

"నువ్వేది చెబితే అదే."

కౌంటరు వెనక అబ్బాయి నిలువుగా ఉన్న పొడవాటి పిడి పట్టుకుని, మా ఊళ్లో చేతిపంపు కొట్టినట్టు, కానీ అంతకన్నా నెమ్మదిగా, తన వైపు లాగాడు. గ్లాసులో సగానికి దగ్గరగా వచ్చింది. ఇంకోసారి లాగాడు. చివర్లో కొంచెం, అంచు దాకా. కింద నేలమాళిగలో ఉన్న పీపాలోంచి బీరు పైకి రావడానికి ఆ చేతి బలమే తప్ప గ్యాసు ఏదీ లేదు. ఇలాంటి పంపుకి జోసెఫ్ బ్రామా అనే ఇంజినీరు 1797లో పేటెంటు తీసుకున్నాడు. రాగిరంగు బీరు మొదట మబ్బుగా తిరిగి, అడుగు నుంచి తేటపడుతూ వచ్చింది. 568 మిల్లీలీటర్లు, ఒక పైంటు. గుక్కెడు తాగాను. చల్లగా లేదు. వెచ్చగానూ లేదు. బావిలోంచి అప్పుడే తోడిన నీళ్లలా ఉంది.

"ఇది ఇంకా బతికే ఉంది మామయ్యా" అన్నాడు అల్లుడు. ఆ మాట నన్ను పట్టుకుంది.

ల్యాంబ్‌లో కిందికి దిగే వీలు దొరకలేదు. నా ఆరాటం చూసి అల్లుడు రెండు రోజుల తరవాత, తన స్నేహితుడు నడిపే మరో పాత పబ్బుకి పొద్దున్నే తీసుకెళ్లాడు. నేలమాళిగ మెట్లు నిటారుగా ఉన్నాయి. తడి రాయి వాసన, పులిసిన పిండి వాసన. వేడి పదకొండు డిగ్రీల నుంచి పదమూడు మధ్యలో ఉండాలిట. పీపాలంటే కొయ్యవనుకున్నాను, ఇప్పుడు ఎక్కువగా లోహానివే. దిమ్మల మీద పడుకోబెట్టి ఉన్నాయి.

ఈ బీరుని బట్టీలో పూర్తి చేసి పంపరు. వడగట్టరు, పాశ్చరైజ్ చేయరు. ఈస్ట్ ప్రాణంతోనే పీపాలోకి దిగుతుంది, అక్కడ రెండోసారి పులుస్తుంది. మిగతా పనంతా పబ్బువాడి చేతిలో పెడతారు. అల్లుడి స్నేహితుడు పీపా పైబిరడాలోకి సన్నటి వెదురు మేకు ఒకటి కొట్టాడు. బుస్సుమంది. మేకు చుట్టూ నురగ పొంగింది. గుడ్డతో తుడిచాడు, మళ్లీ పొంగింది, మళ్లీ తుడిచాడు. వెదురుకి సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి లోపలి గాలి మెల్లగా బయటికొస్తుంది. నురగ నెమ్మదించాక దాన్ని తీసి గట్టి కొయ్యమేకు పెడతాడు. అప్పుడు పీపా నిద్రపోతుంది. చేప గాలితిత్తి నుంచి తీసిన జిగురు, చాలా బీర్లలో వాడేది, మడ్డిని పట్టుకుని అడుగుకి లాక్కుపోతుంది. ఒక రోజు, ఒక్కోసారి రెండు మూడు. మధ్యలో పీపాని కదిపితే మడ్డి లేచి మళ్లీ మొదటికొస్తుంది.

పక్కనే, ముందే నిద్ర పూర్తయిన పీపాకి ఆయన కుళాయి బిగించాడు. కుళాయి మొనని ముఖంమీది బిరడాకి ఆనించి, కొయ్యసుత్తి ఎత్తి ఒకే ఒక్క దెబ్బ. రెండో దెబ్బకి తావుండకూడదు, బీరు ముఖాన చిమ్ముతుంది. ఒక చుక్క మాత్రం మెడ దగ్గర మెరిసి ఆగిపోయింది. ఆయన దాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

నాకు మా తాత గుర్తొచ్చాడు. పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ఈతవనానికి తీసుకెళ్లేవాడు. గౌడు మోకుతో దిగివచ్చి లొట్టి వంచితే, తాటాకు రేకలో పడ్డ మొదటి చుక్కని తాత ఇలాగే నాలుక మీద వేసుకునేవాడు. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి పులుపు. అది ఎవరి కోసమూ ఆగదు. తాగుడు ఎన్ని ఇళ్లు కూల్చిందో తెలియకుండా ఈ మాట రాయడం లేదు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు మా అమ్మ కూడా వాళ్ల పక్షమే, నేనూ వాళ్ల పక్షమే. నేను చెప్పేది బతికున్న పదార్థం గురించి, దాన్ని కనిపెట్టుకుని ఉండే చేతి గురించి.

కుళాయి బిగించి బీరు తోడడం మొదలయ్యాక పీపాలోకి గాలి చేరుతుంది. ఇక మూడు రోజులు. ఆ తరవాత బీరు డీలాపడి పులిసిపోతుంది. ఫర్కిన్ అనే మామూలు పీపాలో సుమారు 41 లీటర్లు, అంటే 72 పైంట్లు. మూడు రోజుల్లో 72 పైంట్లు తాగడానికి వీధి రావాలి. రాకపోతే ఆ పబ్బువాడెంత పనిమంతుడైనా ఓడిపోతాడు. ఇది ఎవరూ నాకు అంత సూటిగా చెప్పలేదు, ఆ లెక్క విన్నాక నాకు నేనే తెలుసుకున్నాను: ఈ విద్యలో సగం చేయి పైన కూర్చున్నవాళ్లది. 1960ల్లో పెద్ద కంపెనీలు పాశ్చరైజ్ చేసి, గ్యాసు నింపిన బీరుకి మళ్లాయి. దానికి నిద్ర అక్కర్లేదు, వీధి అక్కర్లేదు, వారాలు పడుంటుంది. 1971లో నలుగురు కుర్రాళ్లు సెలవులకి ఐర్లాండ్ వెళ్లి, ఇది ఇలా పోకూడదని అక్కడే ఒక సంఘం పెట్టారు. కామ్రా అంటారు దాన్ని. ఈ పిడులు ఇంకా లాగుతున్నారంటే అందులో వాళ్ల పట్టుదల చాలా ఉంది.

మన దగ్గర జరిగింది తలుచుకుంటే గుండె పిండినట్టవుతుంది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కూలిపని చేసుకునేవాళ్లు. నగరం పెరిగింది, చెట్టు దూరమైంది. చెట్టు ఇచ్చేది కొన్ని లొట్లు, అడిగేవాళ్లు వేలమంది. ఆ తేడాని మత్తుమందు పొడితో పూడ్చారు. ఇక్కడ ఒక పానీయం కంపెనీలు వదిలేస్తే చచ్చిపోబోయింది, అక్కడ ఇంకొకటి చెట్టుని మించి అడిగినందుకు విషమైంది. చెట్టెక్కే గౌడన్నకీ తాగే మనిషికీ మధ్య ముఖపరిచయం ఉన్నన్నాళ్లు మా ఊళ్లో ఎవరూ కల్లుకి చావలేదు. రేపు పొద్దున అదే ముఖం చూడాలి కదా.

పబ్బు నడిపే ఆయన నేలమాళిగ మెట్లెక్కబోతూ ఆగి, మొదటి పీపా దగ్గరికి వచ్చాడు. వెదురు మేకు చుట్టూ ఇప్పుడు చిన్న చిన్న బుడగలే, ఒకటి తరవాత ఒకటి. చెవి దగ్గర పెట్టి విన్నాడు. నన్నూ వినమన్నాడు. వంటింట్లో దోసెపిండి గిన్నె మూత తీసినప్పుడు వినపడేదే, ఇంకాస్త లోతుగా. సుద్దముక్కతో పీపా ముఖాన తేదీ రాశాడు.

"గురువారం తెరుస్తాను. వస్తారుగా?" అన్నాడు నాతో.

బుధవారం రాత్రికి నా విమానం.

"అల్లుడొస్తాడు" అన్నాను.