ఫార్మాట్ కొట్టకముందు

“బావా, ఏ పనీ చేయకపోయినా సిస్టమ్ ఫ్యాను హోరెత్తిపోతోంది. ఫార్మాట్ కొట్టేద్దామా?” అని ఫోన్ చేశాడు ఫోటో స్టూడియో నడిపే మా బావమరిది. నేనొచ్చేదాకా ఆగమన్నాను. ఫార్మాట్ కొడితే జబ్బుతోపాటు దాని ఆనవాళ్లూ చెరిగిపోతాయి.

వెళ్లి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. ఫోల్డర్లు చూపించే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ 25 శాతం దగ్గర కదలకుండా కూర్చుంది. అది నాలుగు కోర్ల ప్రాసెసర్. అంటే ఒక కోరు మొత్తం ఏదో ఒకే పనిలో చిక్కుకుని అక్కడే తిరుగుతోందన్నమాట. అంకె పైకీ కిందికీ ఊగుతుంటే నేనంతగా పట్టించుకోను. బోలెడు ఫొటోలకు చిన్న బొమ్మలు తయారు చేసేటప్పుడు కాసేపు అలా ఊగడం మామూలే. నిలకడగా నిలిచిన అంకెను మాత్రం వదలను.

వాడు ఎండ్ టాస్క్ నొక్కబోతే ఆపాను. విండోస్ 95 నాటి నుంచీ డెస్క్‌టాప్, టాస్క్‌బార్ కూడా ఎక్స్‌ప్లోరర్ చేతిలోనివే. అది ఆగితే అవీ మాయమవుతాయి. రీస్టార్ట్ చేస్తే తిరిగొస్తాయి గానీ, వాడు తెరిచి ఉంచిన ఫోల్డర్ మళ్లీ తెరవగానే రోగమూ తిరిగొస్తుంది.

మార్క్ రసినోవిచ్ రాసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. ఒక ప్రోగ్రాము లోపల నడిచే ఏ త్రెడ్ ఎంత తింటోందో అది చూపిస్తుంది. అందులో చూస్తే, అసలు భారమంతా ఎప్పుడో దించుకున్న ఓ వీడియో ప్లేయర్ తాలూకు డీఎల్‌ఎల్‌ది. వీడియోలకు చిన్న బొమ్మలు తీయడం దాని పని. ఆ ప్లేయర్‌ని తీసేస్తే ఫ్యాను ఆగేదే. కానీ ఇన్నాళ్లూ సరిగ్గా నడిచింది ఈ వారమే ఎందుకు చిక్కుకుంది?

ఆ ఫోల్డర్లో ఓ పెళ్లి తాలూకు 128 క్లిప్పులున్నాయి. సగం వేరే ఫోల్డర్లోకి మార్చి, ఏ సగం తెరిస్తే ఫ్యాను లేస్తోందో విన్నాం. మళ్లీ అందులో సగం. ఈ పద్ధతంటే నాకెంతో ఇష్టం. 128 కాస్తా ఏడు విడతల్లో ఒకటవుతుంది. మూడో విడత నుంచి మౌసు వాడి చేతికే ఇచ్చేశాను.

చివరికి మిగిలింది అప్పగింతల క్లిప్పు. కాపీ అవుతుండగా కరెంటు పోయిందట. సైజు సరిగ్గానే చూపిస్తోంది, లోపల వెనక సగం ఖాళీ. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టికను వాడి కెమెరా ఎంపీ4 ఫైలు చివర్లో రాస్తుంది. లేని ఆ పట్టిక కోసమే డీఎల్‌ఎల్ వెతుకుతూ ఉండిపోయింది.

“కెమెరా కార్డు ఉందా?” అన్నాను. సాయంత్రం ఇంకో పెళ్లికి వాడాలని, చెరిపేద్దామని బ్యాగులో పెట్టుకున్నాడు. అది తీసి ఆ ఒక్క క్లిప్పూ మళ్లీ కాపీ చేశాం. ఫ్యాను చప్పుడు ఆగింది. వాడు మాత్రం లేవకుండా ఆ క్లిప్పును చివరిదాకా ఆడించి చూసుకున్నాడు.