గుర్రం ఎత్తు, రౌతు గుండె

పెళ్లి ముహూర్తాల రోజుల్లో అమీర్‌పేట, పంజాగుట్ట ఫంక్షన్ హాళ్ల ముందు బారాత్ కోసం తెచ్చి నిలబెట్టిన గుర్రాన్ని చూడగానే పెళ్లివారిలో ఎవరో ఒకరు ‘ఇంకాస్త పెద్దది దొరకలేదా’ అంటారు. ఫొటోలో నిండుగా కనపడాలని వాళ్ల ఆరాటం. అదే గుర్రాన్ని చూసి పెళ్లికొడుకు మాత్రం ఇంత ఎత్తు ఎలా ఎక్కాలిరా దేవుడా అని లోలోపల బిక్కచచ్చిపోతుంటాడు. పక్క వీధి కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం తెచ్చుకుని, జీవితంలో మొదటిసారి, బహుశా చివరిసారి కూడా, గుర్రమెక్కుతున్న మనిషి అతను. వాళ్లు గొప్ప కోసం చూసినా, అతను భయంతో చూసినా, కళ్లతో కొలిచేది ఎత్తునే. అక్కడే ఇద్దరూ పొరబడుతున్నారు. గుర్రం మీద మనిషికి ధైర్యం ఇచ్చేవి, తీసేసేవి వేరే ఉన్నాయి: దాని వీపు వెడల్పు, అడుగు తీరు, ఎక్కించే పద్ధతి, పక్కన నడిచేవాడి చెయ్యి. బారాత్ గుర్రాలు తోలేవాళ్ల పనితనమంతా వీటిలోనే ఉంది. వాళ్ల విద్యను మనం బ్యాండుమేళంలో ఒక భాగంగా చూసి వదిలేస్తాం కానీ, అది దక్కన్ సవారీ విద్యలో ఈ నగరపు రోడ్ల మీద ఇంకా మిగిలిన ముక్క.

ముందు ఎత్తు సంగతే తేల్చుకుందాం. గుర్రం ఎత్తును నేల నుంచి మూపు దాకా కొలుస్తారు, తల దాకా కాదు. కొలమానం ‘హ్యాండ్’, అంటే 4 అంగుళాలు. 14 హ్యాండ్ల 2 అంగుళాలకు తక్కువైతే మామూలుగా పోనీ అంటారు, దాటితే గుర్రం. 13 హ్యాండ్ల పొట్టి గుర్రం మీద మధ్యరకం ఎత్తున్న మనిషి కూర్చుంటే అతని కళ్లు నేలకు దాదాపు 7 అడుగుల పైన ఉంటాయి. 15 హ్యాండ్ల గుర్రం మీదైతే 7 అడుగుల 8 అంగుళాలు. నిలబడి ఉన్నప్పుడు అతని కళ్లు ఉండేది 5 అడుగుల పైచిలుకు ఎత్తులో. అంటే పొట్టి గుర్రమైనా సరే, ఎక్కినవాణ్ణి ఒక్కసారిగా దాదాపు రెండడుగులు పైకి లేపేస్తుంది. కళ్లు తిరిగేది ఆ రెండడుగులకే. రెండు గుర్రాల మధ్య తేడా 8 అంగుళాలు మాత్రమే. ఎత్తు పెరిగితే పడినప్పుడు దెబ్బ కూడా పెరగదా అంటే, పెరుగుతుంది. కానీ పడే వేగం ఎత్తుతో సమానంగా కాక దాని వర్గమూలం ప్రకారం పెరుగుతుంది కాబట్టి, లెక్క కడితే ఈ రెండింటికీ తేడా 7 శాతం. ఆ 7 శాతం కోసం ఎవరి గుండే అంతగా కొట్టుకోనక్కర్లేదు.

వెడల్పు దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. పొట్టి కాళ్ల మనిషి డొక్క విశాలమైన గుర్రం మీద కూర్చుంటే తొడలు రెండు పక్కలకూ సాగి, మోకాళ్లు జీనుకు ఆనవు. పాదాలు డొక్క కిందికి దిగవు, పైనే పరుచుకుంటాయి. పట్టు లేదని శరీరానికి తెలిసిపోతుంది, మనసు దాని వెనకే బెదురుతుంది. అదే మనిషిని అంతే ఎత్తున్న సన్నపాటి గుర్రం మీద కూర్చోబెడితే కాళ్లు దాన్ని చుట్టుకుంటాయి, నడుం నిలబడుతుంది. బుల్లెట్ బండి మీద సిగ్నల్ దగ్గర పాదం నేలకు ఆనకపోతే కలిగే బెదురు అందరికీ తెలిసిందే. గుర్రం మీద పాదం ఎప్పటికీ నేలకు ఆనదు, రికాబే అక్కడ నేల. అందుకే రికాబు తోళ్ల పొడవు సరిచేయడం అన్నిటికన్నా పెద్ద పని. చేతివేళ్ల కొసలు జీను దగ్గర రికాబు తోలు మొదట్లో ఆనించి, రికాబును చంకవైపు చాపి చూస్తారు. అది చంకకు తగిలితే ఆ మనిషికి ఆ పొడవు ఇంచుమించు సరిపోయినట్టే. తన చేతితో తన కాలిని కొలుచుకునే ఈ పద్ధతిలో గుర్రం ఎత్తు ప్రసక్తే రాదు.

ఎక్కించడంలో కూడా చూసేవాళ్లకు పట్టని నేర్పుంది. జీను బిగించేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. నాలుగడుగులు నడిపించాక పొట్ట కింది పట్టీని మళ్లీ ఒక రంధ్రం బిగించకపోతే ఎక్కేవాడితోపాటు జీను కూడా పక్కకు తిరుగుతుంది. ఎక్కేది ఎడమవైపు నుంచి. ఒకడు ముందు నిలబడి కళ్లెం దగ్గర పట్టుకుంటాడు, ఇంకొకడు కుడివైపు రికాబును బరువుగా కిందికి లాగిపెట్టి జీను కదలకుండా చూస్తాడు. కింద ఒక స్టూలు వేస్తే గుర్రం ఎత్తు సమస్య సగం అక్కడే తీరిపోతుంది. షేర్వానీ కుచ్చిళ్లు సర్ది, నున్నటి అడుగున్న మోజడీ రికాబులో మడమ దాకా దూరిపోకుండా, పాదం ముందుభాగం మాత్రమే ఆనేలా పెడతారు. పాదం లోపలికి దూరిపోతే, పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది. ‘అన్నా, మడమ కిందికి’ అన్న ఒక్క మాటతో నడుం, వీపు, మెడ వాటంతటవే సర్దుకుంటాయి. పగ్గాలు మాత్రం పెళ్లికొడుకు చేతికివ్వరు. అది అతనికి అవమానంగా తోచవచ్చు కానీ, చేతులు ఖాళీగా ఉంటేనే కొత్తవాడు పగ్గాలు పట్టుకు వేలాడి గుర్రం నోరు గాయపరచకుండా ఉంటాడు.

మన పాత అశ్వశాస్త్రాలు సుళ్లకు, రంగులకు, మచ్చల శుభాశుభాలకు చాలా చోటిచ్చాయి. శాలిహోత్రుడి సంప్రదాయంలో మనుమంచి భట్టు తెలుగులో రాసిన హయలక్షణ గ్రంథం కూడా ఆ కోవలోదే. అదంతా ఈరోజు వింతగా కనపడవచ్చు. కానీ ఆ సంప్రదాయమే గుర్రం గమనాన్ని అయిదు ధారలుగా విడదీసి, ఆస్కందితం నుంచి ప్లుతం దాకా వేర్వేరు పేర్లు పెట్టింది. గుర్రాన్ని అడుగుతో గుర్తుపట్టడం వాళ్లకు తెలుసు. రౌతుకు భయం పుట్టేదీ, పోయేదీ అడుగులోనే. పొట్టి గుర్రం వడివడిగా చిన్న అడుగులు వేస్తే కూర్చున్నవాడు ఎగిరెగిరి పడతాడు, పొడవాటి గుర్రం సాఫీగా నడిస్తే నిద్రపోవచ్చు. దీనిలో తిరకాసు కూడా ఉంది: పెద్ద గుర్రం దుడుకుగా దూకితే ఆ కుదుపు కూడా పెద్దదే.

తెలుగువాళ్లు ‘రౌతు కొద్దీ గుర్రం’ అంటారు. స్వీడన్‌లో 2009లో ప్రచురితమైన ఒక పరిశోధన దీన్నే కొలిచి చూపించింది. గుర్రం తోలేవాళ్లకు, ఎక్కినవాళ్లకు ‘ఈసారి మీరు ఈ చోటు దాటుతుంటే గొడుగు తెరుస్తాం’ అని చెప్పారు. గొడుగు తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగమూ, వాళ్ల గుర్రాల గుండె వేగమూ రెండూ పెరిగాయి. రౌతు భయం గుర్రానికి పాకింది. ఇక డీజే బాక్సులు, బాణసంచా, పైన మెట్రో రొద ఉన్న పంజాగుట్ట రోడ్డు మీద గుర్రానికి ధైర్యం చెప్పేది ఎవరు? పగ్గం పట్టుకున్నవాడే. అతని చెయ్యి తొణక్కపోతే, పైన ఉన్నవాడు వణికినా గుర్రం నడుస్తుంది.

దక్కన్ చరిత్ర కూడా పెద్ద గుర్రాల వైపు సాక్ష్యం చెప్పదు. భీమా నది ఒడ్డున పెరిగిన భీమ్‌థడీ గుర్రాలు పొట్టివి, గట్టివి. మరాఠా రౌతులు తమకన్నా బలమైన సైన్యాలను ముప్పుతిప్పలు పెట్టింది ఇలాంటి దక్కనీ గుర్రాల మీదే. అమీర్‌పేటను ఆనుకున్న బేగంపేటలో వికారుల్ ఉమ్రా ప్యాలెస్ ఉంది. ఆయన వంశమైన ‘పైగా’ అమీర్లకు జాగీర్లు దక్కింది నిజాం సొంత అశ్వదళాన్ని పోషించే బాధ్యతతో. ఆ కాలపు సిలాదారు తన గుర్రాన్ని తానే తెచ్చుకునేవాడు, బార్గీరుకు సర్కారు గుర్రం ఇచ్చేది. సొంత గుర్రం మీద వచ్చినవాడికి దాని అడుగు, దాని బెదురు ముందే తెలుసు. పోలోలో మొదటి ప్రపంచయుద్ధం దాకా గుర్రం ఎత్తుకు హద్దు ఉండేది. ఆ తర్వాత హద్దు తీసేశారు, గుర్రాలు పెద్దవయ్యాయి, వేగం పెరిగింది. ఆటగాడి ధైర్యం పెరిగిందని మాత్రం చెప్పలేం. మలక్‌పేటలో గుర్రపు పందేలు 1886లో మొదలయ్యాయి. అక్కడ 50 కిలోల పైచిలుకు బరువుండే జాకీలు దాదాపు 500 కిలోల గుర్రాల మీద వంగి దూసుకుపోతారు. మనిషి పరిమాణానికి తగ్గ గుర్రం ఉంటేనే ధైర్యమొస్తుందన్న వాదానికి వాళ్లను మించిన జవాబు లేదు.

అయితే పొట్టి గుర్రమే మేలా? కాదు. ఇక్కడ పెద్ద గుర్రం అడిగేవాళ్ల వాదంలో బలముంది, అది బరువు గురించి. అమెరికాలో 2008లో 8 గుర్రాల మీద చేసిన పరీక్షలో వాటి బరువులో 15, 20, 25, 30 శాతం చొప్పున మోయించి చూశారు. 25 శాతం నుంచే గుండె వేగం పెరగడం, కండరాలు నొప్పెట్టడం కనిపించాయి. 20 శాతం వరకు మేలని తేలింది. పెళ్లికొడుకు బరువుకు జీను, జరీ బట్టలు, తలపాగా, ముందు కూర్చోబెట్టే తోటి పెళ్లికొడుకు, అన్నీ కలిపితే 110 కిలోలు సులువుగా అవుతుంది. 300 కిలోల గుర్రానికి అది అన్యాయమైన బరువు. అలసిన గుర్రం తడబడుతుంది, పైనున్నవాడు బెదిరిపోతాడు. కాబట్టి పెద్ద గుర్రం కావాల్సింది రౌతు గొప్ప కోసం కాదు, గుర్రం సుఖం కోసం. నగర పోలీసు అశ్వదళంలో ఎత్తు గుర్రాలకు కారణం ఇంకోటి: గుంపును పైనుంచి చూడాలి, గుంపుకు పోలీసు కనపడాలి. అక్కడ ఎత్తు పనిచేసేది కింద ఉన్నవాళ్ల మనసు మీద.

ఎత్తుకు భయపడే యజమానులు కొందరు అదుపు కోసం ముళ్ల కళ్లెం వాడతారు. 1965 నాటి జంతుహింస నివారణ నియమాలు దాన్ని నిషేధించాయి. అయినా పూర్తిగా పోలేదు. నోట్లో ముల్లు గుచ్చుకుంటున్న గుర్రం ఆగుతుంది, నిజమే, కానీ అది నొప్పికి ఆగుతుంది, కుదురుకుని కాదు. ఒకరోజు ఆ నొప్పే దాన్ని వెనకకాళ్ల మీద లేపుతుంది. గుర్రం మాట్లాడుకునే రోజునే నోరు తెరిపించి కళ్లెం చూసుకోవాలి, రికాబు తోళ్లకు సరిపడా రంధ్రాలున్నాయా చూడాలి. బారాత్ మొదలవడానికి అరగంట ముందు, డీజే మోగకముందే, పెళ్లికొడుకును ఎక్కించి హాలు వెనక సందులో రెండు చుట్లు తిప్పమనాలి. దానికి గుర్రం యజమాని ఇంకో వెయ్యి అడిగితే బేరమాడకుండా ఇవ్వొచ్చు.