ఇంటి తెరపై అస్పృశ్యత: ‘మహానాయక’ ధారావాహిక

నాటకము సమాజమునకు దర్పణమని పెద్దలందురు. అందు పరుల ముఖము మాత్రమే కాక మన ముఖమును కనబడినప్పుడే ఆ మాట సార్థకమగును. డాక్టర్ అంబేడ్కర్ జీవితముపై 2019 డిసెంబరులో హిందీలో మొదలై, 2020 జూలై నుండి జీ కన్నడ వాహినిలో ‘మహానాయక’ అను పేర ప్రసారమైన ధారావాహికను ఈ దృష్టితో పరిశీలింపనెంచితిమి. యలహంకవాసులమగు మనకు కన్నడము పరాయి భాష కాదు. కనుక ఆ కథ మన ఇండ్లలోనికిని వచ్చినది.

కర్ణాటక గ్రామములలో దీనికి లభించిన ఆదరణ సామాన్యము కాదు. ఎన్నో ఊళ్లలో ప్రజలే దీని పేర ఫలకములు నిలిపిరి. ప్రసారమును ఆపవలెనని తమకు బెదిరింపులు వచ్చుచున్నవని వాహిని ముఖ్యులు రాఘవేంద్ర హుణసూరు ఆ సంవత్సరమే వెల్లడించిరి. వట్టి కాలక్షేపపు కథ నాపుమని ఎవరును బెదిరింపరు గదా!

దీని బలమంతయు బాల్యఘట్టములలో నున్నది. బడిలో గోనెపట్టాపై వేరుగా కూర్చుండుట, బంట్రోతు పోసిననే తప్ప మంచినీరు దొరకకుండుట అంబేడ్కరు స్వయముగా వ్రాసికొన్న అనుభవములు. పసివాని దాహమునకు వాదోపవాదములతో పనిలేదు.

లోపములును కలవు. కథ మిక్కిలి సాగదీయబడినది. దుష్టపాత్రల క్రౌర్యము హద్దు మీరుటచే ‘మేమింతటివారము కాము’ అని ప్రేక్షకుడు తప్పించుకొనును. ప్రేమ్‌చంద్ కథ ననుసరించి సత్యజిత్ రాయ్ 1981లో దూరదర్శన్ కొరకు తీసిన ‘సద్గతి’ ఆ అవకాశమీయదు. అందలి పురోహితుడు రాక్షసుడు కాడు. తన సుఖమును, తన మడిని చూచుకొను గృహస్థు. తన ఇంట కట్టెలు కొట్టుచు ప్రాణము విడిచిన దుఃఖీ శవమును తాకకుండ త్రాటితో ఈడ్చివేసి, పిదప ఆ చోట నీళ్లు చల్లును. అట్టి గడపలను మన మెఱుగమా?

ఈ చర్చ తెలుగువారికి క్రొత్త కాదు. ఉన్నవ ‘మాలపల్లి’ 1922లోను, గూడవల్లి రామబ్రహ్మము ‘మాలపిల్ల’ చిత్రము 1938లోను వెలువడినవి. అయితే నవలను ఒంటరిగా చదువుదుము. చిత్రమునకు ఇల్లు విడిచి పోవుదుము. టెలివిజన్ నాటకమును మూడు తరములవారు ఒకే గదిలో కూర్చుండి చూతురు; పనిమనిషియు గుమ్మమున నిలిచి చూచును. అప్పుడు మనుమడు ‘ఆమె గ్లాసు వేరుగా ఎందుకున్నది?’ అని అడిగినచో, ఉత్తరమీయవలసినది నటులు కారు, మనము.

భాష వేరన్న కారణమున ఎవరైన చిన్నచూపు చూచిన నొచ్చుకొందుము. ఊరు విడిచి వచ్చుచు కులమును మాత్రము మూటగట్టి తెచ్చికొంటిమి. ఈ రెండు కృతులను సభ్యులు పిల్లలతో కూడ చూచి, వారడుగు ప్రశ్నలను దాటవేయక వినవలెనని కోరుచున్నాము.